ఝాన్సీ చేతి బోణీ

మా రాజాంలో బియ్యం మిల్లులు నడిపే నరసింగరావు గారికి రెండు నమ్మకాలున్నాయి. లెక్క తప్పిందంటే అది మనిషి తప్పే గానీ మిషను తప్పు కాదన్నది మొదటిది. ఏ పనైనా మంచి చెయ్యి పడి మొదలవ్వాలన్నది రెండోది. మొదటి నమ్మకం పుణ్యమా అని మా ఆఫీసులో అందరం చివాట్లు తిన్నాం, అరిగించుకున్నాం. రెండోది ఝాన్సీని ఏం చేసిందో చెప్పడానికి ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను. కోపం అణుచుకుని ఆ పిల్ల గురించి రాయడం నా వల్ల కాదు.

నా పేరు కన్యాకుమారి. మిల్లు గేటు పక్కన, లారీలు తూచే కాటా గదిలో నా ఉద్యోగం. ఏ లారీ ఏ మిల్లుకి పోవాలో, ఏ గోదాములో దింపాలో నా ముందున్న కంప్యూటరు చూపిస్తుంది. అది చూసి నేను గేటు చీటీ ఇస్తాను. అది చూపించని రోజున చీటీ లేదు. చీటీ లేకపోతే పాలకొండ రోడ్డు పొడవునా లారీలు నిలబడిపోతాయి, డ్రైవర్లు మా అమ్మమ్మ దాకా వెళ్లి తిట్టి వస్తారు.

నా కంప్యూటరుకి ఆ సంగతులు అందించేది వెనక గదిలో ఇనప బీరువాలో ఉన్న లినక్స్ మిషను. దానికి పనులు చెప్పేది విశాఖపట్నం ఆఫీసులో ఉన్న పెద్ద మిషను. నరసింగరావు గారి అబ్బాయి దేవేంద్ర అక్కడ కూర్చుని అదంతా చూసుకుంటాడు. కాటా లెక్కలు ఎప్పుడు లాగాలి, ఏ మిల్లులో ఎంత ఖాళీ ఉందో ఎప్పుడు చూడాలి, లారీలను ఎలా పంచాలి అన్నీ పెద్ద మిషనే నిర్ణయిస్తుంది. ఆ మాట విని ఇక్కడ పని చేయించడానికి మా మిషనులో ఒక ప్రోగ్రాము ఉంటుంది. షెడ్యూలర్ ఏజెంటు అంటారు. పొలంలో ఉండే మేస్త్రీ లాంటిదన్నమాట. రైతు ఎక్కడో ఉంటాడు, మేస్త్రీ కూలీలకు పనులు పంచి, అయిందని కబురు పంపుతాడు. మేస్త్రీ రాకపోతే కూలీలంతా గట్టు మీద కూర్చుంటారు.

మా మేస్త్రీకి ఒక జబ్బుంది. కరెంటు పోయి, పాత బ్యాటరీలు కూడా చేతులెత్తేసి మిషను ఆగిపోయిందనుకోండి. కరెంటు రాగానే మిషను లేస్తుంది గానీ ఏజెంటు లేవదు. ఎవరో ఒకరు లాగిన్ అయి, దాన్ని చేత్తో లేపాలి. ఆ లేపే మనిషే ఝాన్సీ.

శ్రీకూర్మం దగ్గర ఒక పల్లెలో వ్యవసాయం చేసుకునే వాళ్ల పిల్ల. ఎచ్చెర్లలో ఎంసీఏ చదివింది. మేనత్త అసిరమ్మ కొడుకు గోపిని చేసుకుని రాజాం వచ్చింది. గోపికి బస్టాండు దగ్గర మోటార్లు చుట్టే కొట్టు ఉండేది. మా ఆఫీసులో చేరినప్పుడు సన్నగా, మాట బయటికి వచ్చేది కాదు. ఈ పిల్ల ఈ మిషన్లతో ఏం వేగుతుందిలే అనుకున్నాను.

ఆమె వచ్చిన రోజు మా పరిస్థితి అధ్వానంగా ఉంది. వరికోతలు అయిన రోజులు, ధాన్యం లారీలు వరసకట్టి ఉన్నాయి, మిషను పెట్టిన వాళ్లు దాన్ని సగంలో వదిలేసి పోయారు. ఝాన్సీ ఆ గదిలోకి వెళ్లి, అటూ ఇటూ చూసి, ఏదో కొట్టి, ఏజెంటుని లేపింది. నా కంప్యూటరులో లారీల నంబర్లు గబగబా వచ్చాయి. అదే మధ్యాహ్నం, ఓడరేవులో చాలాకాలంగా చిక్కుకుపోయిన మా బియ్యానికి అనుమతి వచ్చిందని ఫోను వచ్చింది. ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. నరసింగరావు గారికి మాత్రం ఆ రెండూ ఒకటే.

"నీ చెయ్యి మంచిదమ్మా. ఇంక దీనికి బోణీ నీదే" అన్నారు.

వాళ్లది తరతరాల వ్యాపారం. ఉదయం మొదటి బేరం ఎవరి చేతి మీద అవుతుందో చూసుకుని కొట్టు తెరిచే ఇల్లు. తాతగారి కాలంలో త్రాసుకి బొట్టు పెట్టేవారు, ఇప్పుడు మిషను బీరువాకి పెడుతున్నారు. ఆ రోజు నుంచి పద్ధతి స్థిరపడిపోయింది. మిషను ఎప్పుడు ఆగి లేచినా, ఝాన్సీ వచ్చి బీరువా తలుపు మీద కుంకం పెట్టి, ఒక అగరొత్తి వెలిగించి, తన చేత్తో ఏజెంటుని లేపాలి. లారీ ఇంజను వేడెక్కి ఆగినట్టు మా ఆఫీసంతా ఆమె వచ్చేదాకా ఆగేది.

మొదట్లోనే ఝాన్సీ ఆయనకు చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"సార్, దీన్ని సర్వీసుగా పెట్టేస్తాను. మిషను లేవగానే దానంతటదే లేస్తాది. ఎవరూ రానక్కర్లేదు."

నరసింగరావు గారు నవ్వారు. "కొట్టు తలుపు దానంతటదే తెరుసుకుంటే అదేం కొట్టమ్మా? ఒకరి చెయ్యి పడాల. నీ చెయ్యే పడాల."

ఆ మాట ఝాన్సీకి నచ్చింది. అబద్ధం ఎందుకు, నాకు కనిపించింది. చదువులో ఆమెను మెచ్చుకున్న వాళ్లు లేరు, రంగు తక్కువని పెళ్లి చూపుల్లో వంకలు పెట్టిన వాళ్లున్నారు. చివరికి మేనబావే చేసుకున్నాడు. అలాంటి పిల్లని ఊళ్లో ఇంత పెద్ద షావుకారు నీ చెయ్యి మంచిదని నలుగురిలో అన్నాడు. ఆ సాయంత్రం టీ తాగుతూ తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది. నేను వేళాకోళం చేస్తే సిగ్గుపడి కొంగులో దాచుకుంది.

ఊళ్లో కూడా పేరు పాకింది. నరసింగరావు గారి బంధువులు కొత్త కొట్టు పెడితే మొదటి బిల్లు ఝాన్సీ చేత కొట్టించారు. ఎవరో కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి పిలిచారు. గేటు కాపలా ఉండే దాలయ్య కొత్త సైకిలు కొనుక్కుని, ఆమె చెయ్యి వేసేదాకా ఎక్కలేదు. ఆమె సెలవు పెట్టిన రోజు లారీ చక్రం పంక్చరైనా, ఝాన్సీ రాలేదు కదా మరి అనేవారు. ఆమె నవ్వేది గానీ, కాదనేది కాదు.

గోపి మాత్రం ఊరుకునే రకం కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆమె ఫోను మోగేది. అతను చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పడేసి, "ఎల్లు, నీ పెద్దమొగుడు లేసినాడు" అనేవాడట. ఆ ముచ్చట చెప్పి ఆమె నవ్వుతుంటే మాకూ నవ్వొచ్చేది. మోటారు చుట్టే వాడు కదా, నూనె మరకల చేతులతోనే ఆమెను బండి మీద దింపి, గేటు బయట దాలయ్యతో కబుర్లు చెబుతూ నిలబడేవాడు.

తరవాత అతనికి దెబ్బ తగిలింది. ఎవరి పొలంలోనో బోరు మోటారు పైకి లాగుతుంటే గొలుసు జారి అతని తలకి కొట్టుకుంది. శ్రీకాకుళంలో చాలా రోజులు ఆసుపత్రిలో ఉంచారు. బతికాడు గానీ ఫిట్స్ పట్టుకున్నాయి. ఎప్పుడొస్తాయో తెలీదు. మందులు వాడినా అప్పుడప్పుడూ వచ్చేవి. డాక్టరు ఝాన్సీకి ఒక్కటే నేర్పాడు. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకు, కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోకు, మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టు, ఊపిరి ఆడుతుంది. ఒంటరిగా మాత్రం వదలకు అన్నాడు.

గోపి కొట్టు మూసేశాడు. బండి కూడా మానేశాడు, ఝాన్సీ ఆఫీసుకి స్కూటరు కొనుక్కుంది. ఇంట్లోనే ఫ్యాన్లు చుట్టేవాడు. ఝాన్సీ ఆఫీసులో ఉన్నంతసేపూ పక్కింటి ఆవిడ చూసేది. లేదంటే ఊరి నుంచి అసిరమ్మ వచ్చి ఉండేది. కానీ కరెంటుకి వేళా పాళా ఉండదు. వేళ కాని వేళ ఫోను వచ్చినప్పుడు ఎవరిని పిలవాలో తెలియక ఆ పిల్ల వీధిలో అటూ ఇటూ పరిగెత్తేది.

రెండోసారి అడిగింది అప్పుడే. ఈసారి దేవేంద్రకు ఫోను చేసింది.

"సార్, ఇంట్లో ఆయన్ని ఒంటరిగా వదలలేకపోతన్నాను. సర్వీసుగా పెట్టేస్తే నేను ఉన్నా లేకపోయినా పనైపోద్ది."

దేవేంద్ర బాగా చదువుకున్నవాడే, అర్థం చేసుకున్నాడు. "నాకు తెలుసు ఝాన్సీ. కానీ నాన్న సంగతి నీకు తెలుసు కదా. ఇంట్లో గొడవ ఎందుకు? కొన్నాళ్లు ఇలాగే కానీ" అన్నాడు.

"చెప్పకుండా పెట్టెయ్యరాదటే?" అన్నాను నేను.

"ఆయన మిషను అక్కా" అంది. ఆ పైన, "అది తనే లేస్తే ఇంక నన్నెందుకు పిలుస్తారు?" అంది. ఆ మాట అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు లేచి వెళ్లిపోయింది. నేను ఆ పిల్లని తప్పుపట్టను. జీవితంలో దక్కిన ఒకే ఒక్క గొప్ప పేరుని ఎవరైనా అంత తేలిగ్గా వదులుకుంటారా?

గాలివాన ఆ ఏడు కార్తీకం చివర వచ్చింది. తెల్లారేసరికి ఊరంతా చెట్లు కూలి, రేకులు ఎగిరి, స్తంభాలు వంగిపోయి ఉన్నాయి. మిల్లు ఆవరణలో ధాన్యం బస్తాల చుట్టూ నీళ్లు చేరుతున్నాయి. ఎత్తు మీదున్న గోదాములకి వెంటనే తరలించకపోతే అంతా మొలకెత్తిపోతుంది. జనరేటరు వేశారు. మిషను లేచింది. ఏజెంటు లేవలేదు. నేను ఖాళీ తెర ముందు కూర్చున్నాను, బయట డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు.

నరసింగరావు గారు నా ముందే ఫోను చేశారు. "అమ్మా ఝాన్సీ, మిషను లేసింది. నీ చెయ్యి పడాల. బేగి రావాల."

వాళ్లింట్లో ఆ పొద్దున ఏం జరిగిందో ఝాన్సీయే తరవాత నాకు చెప్పింది. అసిరమ్మ ఊళ్లో ఉండిపోయింది, రోడ్లన్నీ చెట్లతో మూసుకుపోయాయి. పక్కింటి పైకప్పు లేచిపోయి, వాళ్లు సామాను పట్టుకుని బడిలోకి పోయారు. ఝాన్సీ వెళ్లనంది. గోపి వినలేదు. ఎప్పటిలాగే చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"ఎల్లు. నీ పెద్దమొగుడు పిలస్తన్నాడు."

"నిన్నొగ్గీసి ఎలాగెల్తాను బావా?"

"నాకేటవదు. ఈ మంచం మీదే కూకుంటాను. ఎల్లి బేగొచ్చీ."

"పెరట్లోకి ఎల్లకు."

"ఎల్లనే."

ఆమె మోకాలి లోతు నీళ్లలో నడిచి వచ్చింది. ఒళ్లంతా తడిసిపోయి, అలాగే బీరువాకి కుంకం పెట్టింది. అగరొత్తి తడిసి వెలగలేదు. నరసింగరావు గారు తన గదిలోంచి పొడిది తెచ్చి ఇచ్చారు. ఏజెంటు లేచింది. నేను చీటీలు కొట్టాను, లారీలు కదిలాయి, ధాన్యం దక్కింది. అది అబద్ధం కాదు, ఆ రోజు చాలామంది రైతుల పంట మిగిలింది. నరసింగరావు గారు చెమర్చిన కళ్లతో, "నీ చేతి చలవమ్మా" అన్నారు. దాలయ్య ఆమెకు వేడి టీ ఇచ్చాడు. ఒక గుక్క తాగి గ్లాసు కిటికీలో పెట్టి, పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది.

గోపి పెరట్లో ఉన్నాడు. ఆమె స్కూటరు మీద కప్పిన రేకు గాలికి కొట్టుకుంటుంటే తాడు కట్టడానికి వెళ్లినట్టున్నాడు. తాడు ఒక కొస కట్టి ఉంది. ఫిట్స్ వచ్చి బోర్లా పడిపోయాడు. అక్కడున్నవి మడమలోతు నీళ్లు. పక్కకి తిప్పే మనిషి ఒక్కరుంటే బతికేవాడని తరవాత డాక్టరు చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది.

పదోరోజు పద్ధతులకి ఊరి ఆడవాళ్లు చేరితే, అసిరమ్మ కోడలికి అడ్డంగా నిలబడింది. "నా మేనగోడలి బొట్టు మీద ఎవులూ సెయ్యెయ్యకండి. కొడుకు నాకు పోనాడు. ఇది కూడా పోవాలేటి?" అంది. ఆడవాళ్లు వెనక్కి తగ్గారు. ఝాన్సీకి ఆ మాటలు వినిపించాయో లేదో తెలీదు. తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఆమె లేనన్నాళ్లూ మా పని ఆగిపోలేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దేవేంద్ర విశాఖపట్నం నుంచే లాగిన్ అయి ఏజెంటుని లేపాడు. నిమిషంలో పని. అంటే గాలివాన రోజున కూడా అతను లేపగలిగేవాడు. ఆ రోజు విశాఖపట్నం లైను పని చేసింది, లేకపోతే నాకు లారీల నంబర్లు వచ్చేవే కావు. ఈ సంగతి నాకు కాటా గదిలో కూర్చుని ఉండగా తట్టింది. తట్టాక ఆ పూట చీటీలు సరిగ్గా ఇవ్వలేకపోయాను. లెక్క తప్పింది, మనిషి తప్పేనని చివాట్లు కూడా పడ్డాయి.

నెల దాటాక ఝాన్సీ పనిలోకి వచ్చింది. చిన్న నల్ల బొట్టు, వెలిసిన చీర. ఆ పొద్దున్నే కరెంటు పోయి వచ్చింది. అలవాటు ప్రకారం సొరుగులోంచి కుంకం భరిణె తీసుకుని వెనక గదికి నడిచింది. వెనకే నేనూ వెళ్లాను. గుమ్మంలో నరసింగరావు గారు నిలబడి ఉన్నారు.

"ఇయ్యాల నువ్వు కూకోమ్మా. అబ్బాయి లేపుతాడు" అన్నారు.

"వచ్చేశాను కదా సార్, నేను లేపుతాను."

ఆయన పక్కకి తప్పుకోలేదు. ఆమె చేతిలోని భరిణె వైపు చూశారు, వెంటనే చూపు తిప్పుకున్నారు. "తప్పుగా అనుకోకమ్మా. నువ్వు మా ఇంటి పిల్లలాంటిదానివి. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. బోణీ సంగతి మాత్రం... మా పెద్దల నుంచీ వస్తన్న పద్ధతి." బీరువా వైపు తిరిగారు. "అప్పుడెప్పుడో అన్నావు కదా, దానంతటదే లేసేలాగ పెట్టొచ్చని. అలాగే పెట్టెయ్యి. ఎవరి చెయ్యీ పడక్కర్లేదు. నీకూ శ్రమ ఉండదు."

ఝాన్సీకి అర్థమవడానికి క్షణం పట్టింది. భరిణె మూత పెట్టింది. "సరే సార్" అంది.

నేను అలా ఊరుకోలేదు. ఆమె వెళ్లాక ఆయన గదిలోకి పోయి అడిగాను. "ఆ చేతి కోసమే కదండీ గాలివానలో పిలిపించారు? ఆ చెయ్యి ఇంట్లో ఉంటే ఆ మనిషి బతికేవాడు. ఇప్పుడు అదే చెయ్యి చెడ్డదైపోయిందా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "కన్యాకుమారీ, నేను ఆ రోజు నుంచీ సరిగా నిద్రపోలేదు. అది వేరు. నమ్మకం వేరు" అన్నారు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి. మంచివాడే. గోపి కార్యానికి బియ్యం పంపింది కూడా ఆయనే. ఆ మంచితనమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తిట్టిపోసే మనిషైతే నేనూ తిట్టి ఊరుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఝాన్సీ మిషను ముందు కూర్చుంది. నేను కాటా గదిని దాలయ్యకి అప్పగించి ఆమె పక్కన స్టూలు వేసుకున్నాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. చిన్న పిల్లకి పాఠం చెప్పినట్టు, చేస్తున్నదంతా నాకు చెబుతూ చేసింది.

ముందు ఏజెంటు కోసం మిషనులో ఒక కొత్త పేరు సృష్టించింది.

"ఇదివరకు ఇది నా లాగిన్‌లో నడిచేదక్కా. ఇప్పుడు ఈ పేరు మీద నడుస్తాది. ఈ పేరుకి పాస్‌వర్డు లేదు. దీంతో ఎవరూ లోపలికి రాలేరు."

"మరి మనిషి లేని పేరెందుకే?"

"మనిషి లేడు కాబట్టే మంచిది. చెయ్యి లేనోడికి శకునం ఉండదు కదా."

అలా అని నా వైపు చూసి నవ్వబోయింది. నేను మొహం తిప్పుకున్నాను.

తరవాత ఒక చిన్న ఫైలు రాసింది. నాలుగు మాటలే. ఏ ప్రోగ్రాముని లేపాలి, ఏ పేరు మీద లేపాలి, నెట్‌వర్కు వచ్చేదాకా ఆగాలి, మధ్యలో పడిపోతే మళ్లీ లేపాలి. ఆ చివరి మాట దగ్గర ఆమె వేళ్లు ఆగాయి.

"పడిపోతే లేపడానికి ఒక్క లైను చాలక్కా" అంది.

ఆమె ఆ లైను కొట్టింది.

మిషను లేచినప్పుడల్లా దీన్నీ లేపమని చెప్పి, పరీక్ష కోసం మిషనుని ఆపి మళ్లీ వేసింది. ఏజెంటు లేవలేదు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నాకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. చూశావా, ఈ పిల్ల చెయ్యి పడకపోతే ఇది లేవదు అని ఆ ముసలాయనకి చెప్పాలనిపించింది. ఝాన్సీ మాత్రం కంగారు పడకుండా ఆ అక్షరాలు చదివింది.

"నా లాగిన్‌లో కొన్ని దారులు రాసి ఉండేవి, ఏ సామాను ఎక్కడుందో చెప్పేవి. నేను లేపినప్పుడు అవి దానంతట అవే దీనికి అందేవి. ఇప్పుడు నేను లేను కదా. దీనికి ఏది ఎక్కడుందో తెలీలేదు, అంతే."

ఆ దారులన్నీ ఫైలులో రాసిపెట్టింది. ఏజెంటుకి కావలసిన ఫోల్డర్లు ఇంకా ఆమె పేరు మీదే ఉంటే, వాటినీ కొత్త పేరుకి మార్చింది. మళ్లీ మిషను ఆపి వేసింది. ఈసారి కీబోర్డు దగ్గర నుంచి కుర్చీ వెనక్కి జరుపుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మిషను లేచింది. ఎవరూ ముట్టుకోలేదు. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. గేటు దగ్గర నుంచి దాలయ్య, "అమ్మా, నంబర్లొచ్చీసినాయి" అని కేకేశాడు.

ఎండ ఇంకా కిటికీలోంచి పోలేదు, పనైపోయింది. ఝాన్సీ లేచి, ఒక పాత గుడ్డ తడిపి తెచ్చి, బీరువా తలుపు మీద తను పెట్టిన కుంకం బొట్లన్నీ తుడిచింది. చాలా పొరలు పేరుకుపోయాయి. గోటితో గీకాల్సి వచ్చింది. రంగు పోయాక కూడా అక్కడ ఎర్రటి మచ్చ మిగిలింది, అది ఇప్పటికీ ఉంది. నరసింగరావు గారు వచ్చి చూసి, బాగుందమ్మా, అన్నారు. దేవేంద్ర ఫోను చేసి, ఇది ఎప్పుడో చెయ్యాల్సింది, అన్నాడు. నాకు ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది.

ఊళ్లో ఆమెను పాలు పొంగించడానికి పిలవడం మానేశారు. దాలయ్య ఒక్కడే మారలేదు. ఆ మధ్య మనవరాలి పలకకి చెయ్యి వెయ్యమని తెచ్చాడు. ఝాన్సీ వద్దంది. అతను పలక ఆమె బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. ఆమె దాన్ని ముట్టుకోకుండా కాగితంలో చుట్టించి తిరిగి పంపింది. తన చెయ్యి గురించి వాళ్లనుకున్నదే ఆమే నమ్మడం మొదలుపెట్టిందని ఆ రోజు నాకు అర్థమైంది. దానికి నేను చాలా ఏడ్చాను.

మొన్న ఒక సాయంత్రం రాగిపిండితో గంటెలు చేసి వాళ్లింటికి పట్టుకెళ్లాను. ఆ ముద్దలంటే ఆ పిల్లకి ప్రాణం. అసిరమ్మ ఊళ్లో పొలం కౌలుకిచ్చి కోడలి దగ్గరికే వచ్చేసింది. ముగ్గురం నడవాలో కూర్చున్నాం. కరెంటు లేదు. గోపి మంచం గోడవారగా అలాగే ఉంది, దాని మీద చుట్టడం సగంలో ఆగిన ఫ్యాను మోటారు ఉంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఝాన్సీ చటుక్కున లేచింది. గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పుల్లో కాళ్లు పెట్టింది. మేకుకున్న స్కూటరు తాళం కోసం చెయ్యి చాపింది. అప్పుడు గుర్తొచ్చినట్టుంది. అలాగే నిలబడిపోయింది.

అసిరమ్మ ఆమె వైపు చూసింది. "ఏలే, కరెంటొచ్చీసింది గదా. ఫోను మోగనేదేటి?"

"ఇంక మోగదత్తా. అదిప్పుడు దానంతటదే లేస్తాది."

"ఎవులూ ఎల్లక్కర్నేదా?"

"ఎవరూ ఎల్లక్కర్లేదు."

ముసలామెకు ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. ఆమెకు ఎవరు చెబుతారు? "అలగ ఎవులు సేసినారే?"

"నేనే."

"శానా రోజులు పట్టిందేటి?"

ఝాన్సీ నా వైపు చూసింది. ఏదో ఒక అబద్ధం చెప్పు తల్లీ అని నేను మనసులో అనుకున్నాను. ఆమెకు అబద్ధం చేతకాదు.

"లేదత్తా" అంది. "ఒక్క పూట."

అసిరమ్మ గంటె తుంచిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. "పూటేనా" అంది, ఎవరినీ అడిగినట్టు కాదు. కొడుకు మంచం వైపు చూసింది, తరవాత ఇంకెటూ చూడలేదు.

ఝాన్సీ గుమ్మంలోనే కూర్చుంది. చెప్పులు కాళ్లకే ఉన్నాయి. ఇప్పుడు ఆమె ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు, ఎంతసేపైనా ఇంట్లోనే ఉండొచ్చు.